వర్ని అడవిలో నేను శుభ్రం చేసిన దారి

మా తోటలో జామాయిలు చెట్లు కోతకొచ్చాయి. అందుకని నేను నిజామాబాద్ వెళ్లొచ్చాను. "ఎక్కడి నర్సీపట్నం, ఎక్కడి నిజామాబాదు! చెట్లు ఇక్కడా, చదువు అక్కడానా?" అంది మా ఆవిడ, సంచిలో జంతికలు సర్దుతూ. వినేవాళ్లకి అలాగే ఉంటుంది మరి. అందుకే ముందు సంగతి చెప్పేస్తాను.

మాది కొండవాలు మీది ఊరు. పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. మా ఆరెకరాల తోట పక్కనే ఒక గెడ్డ పారుతుంది. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. ఏడేళ్ల కిందట మొదటి కోత కోయించినప్పుడు కంట్రాక్టరు దుంగల్ని ట్రాక్టరుకి కట్టి ఆ గెడ్డలోంచే ఈడ్పించాడు. తొలకరి పడేసరికి కొండమీది మట్టి అంతా దిగి, దిగువన ఉన్న అప్పాయమ్మ నుయ్యి బురదతో పూడిపోయింది. ఆవిడ మా గుమ్మంలోకొచ్చి అడిగితే, "కంట్రాక్టరు చేసిన పనమ్మా, నాకేం తెలుసు?" అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. మొగుడు లేని మనిషి, కూలి డబ్బులతో నుయ్యి మళ్లీ తవ్వించుకుంది. ఇప్పుడు రెండో కోత. ఈసారి నుయ్యి పూడితే మళ్లీ తవ్వించుకునే ఓపిక ఆవిడకి లేదు. ఆ నీళ్లు ఉంటాయా పోతాయా అన్నది నా చేతిలో ఉంది, ఆ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

మా మేనల్లుడు నిజామాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చాడు. బోధన్‌లో గౌస్ భాయ్ అని చెట్లు కోయించే మేస్త్రి ఉన్నాడనీ, ఆయన కోత కోసిన చోట వాగు నీళ్లు బురదవ్వవనీ వాడే చెప్పాడు. ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాట: "ఫోన్ల జెప్తె సమజ్ గాదు సారు. ఒచ్చి సూడుండ్రి."

సరే, చూద్దామని బయల్దేరాను.

కంఠేశ్వర్

నిజామాబాద్‌లో దిగి కంఠేశ్వర్‌లో గది తీసుకున్నాను. పాత గుడి చుట్టూ దుకాణాలు, ఆస్పత్రులు, సందు దొరికితే దూరే ఆటోలు. వైశాఖమాసపు ఎండ మా వైపు ఎండలాగా చెమటలు పట్టించదు, నిలబెట్టి వేయిస్తుంది.

ఒక చిన్న హోటల్లోకి వెళ్లాను. నడిపే ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. "ఏం దింటవు బాపూ?" అంది. బాపు అంటే నాన్న. ఊరూ పేరూ తెలియని మనిషిని మా వైపు ఎవరూ నాన్నా అని పిలవరు, మహా అయితే బాబుగారూ అంటారు. ముందు ఉలిక్కిపడ్డాను. రెండో ఇడ్లీ వేసేసరికి ఆ పిలుపు కోసమే ఇంకో ప్లేటు తెప్పించుకున్నాను.

నా ఎదురుగా ఏర్గట్ల నుంచి పసుపు బస్తాలు తెచ్చిన రైతు కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో కూడా పసుపే. మాటిమాటికీ బయటికి తొంగిచూసి ఆకాశం వైపు చూస్తున్నాడు. "మబ్బు వట్టింది సారు. సరుకు తడిస్తె మునిగినట్టే" అన్నాడు. దారిపొడుగునా తారురోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, వాటి పక్కన టార్పాలిన్లు మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. ఊరంతా ఒక కన్ను ఆకాశం మీద పెట్టుకునే పని చేసుకుంటోంది.

నేను డబ్బులు తీసేలోపు ఆయన నా టీకి కూడా ఇచ్చేశాడు. వద్దంటే, "మా దిక్కు ఒచ్చినవు, నువ్విచ్చుడేంది?" అని కసిరాడు. తన సరుకు తడుస్తుందేమో అన్న దిగులులో ఉన్న మనిషి, ముక్కూమొహం తెలియని నాకు టీ ఇప్పించాడు. పదిహేను రూపాయల టీయే, కానీ నేను ఇంటికొచ్చాక కూడా అందరికీ చెప్పుకున్నాను.

బోధన్

మర్నాడు బోధన్. చెరుకు అక్కడక్కడా ఉంది, వరి అంతటా ఉంది. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గొట్టాలు దూరం నుంచే కనబడతాయి. బస్సులో నా పక్కనున్న పెద్దాయన అది నడిచిన రోజుల్లో ఊరంతా బెల్లం వాసన వచ్చేదని చెప్పి, ఆ వాసన ఇంకా వస్తున్నట్టే గట్టిగా పీల్చాడు.

చేతులూపుకుంటూ వెళ్లకూడదని బజారులో జామకాయలు కొనబోయాను. అమ్మే ఆవిడ మరాఠీలో ఏదో అడిగింది. నాకు ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపడం నా పాత జబ్బు. తలూపాను. కిలో అడిగినవాణ్ణి మూడు కిలోలు మోసుకుంటూ గౌస్ భాయ్ ఇంటికి చేరాను.

ఆయన సన్నగా, పొడుగ్గా, గోరింటాకు పెట్టిన గడ్డంతో ఉన్నాడు. తాతల కాలం నుంచీ బోధన్‌లోనే. తాత తలుపులు చేసేవాడట, తండ్రి బళ్లు చేసేవాడట, ఈయన చెట్లు కోయిస్తాడు. "మూడు పుస్తుల నుంచి కట్టె మీదనే బతుకుతున్నం సారు. కట్టెకు ఇజ్జత్ ఇయ్యాలె గద" అన్నాడు. పుస్తు అంటే తరమట.

ఆయన భార్య బగారా అన్నం, దాల్చా పెట్టింది. మా ఇళ్లల్లో పప్పులో పులుపు కాస్త ఎక్కువైతే పెద్ద తగాదా. ఈ దాల్చాలో చింతపండు, సొరకాయ, మాంసం ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటూనే కలిసిపోయి ఉన్నాయి. మూడుసార్లు వడ్డించుకున్నాను. "భాబీ, చాలమ్మా" అంటూనే. ఆవిడ నా జామకాయల బస్తా చూసి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

ఎర్రగుడ్డ చెట్లు

మూడో రోజు పొద్దున్నే గౌస్ భాయ్ బండి వెనక కూర్చుని వర్ని దాటి అడవిలోకి వెళ్లాం. అడవి మధ్యలో పెంచిన నీలగిరి తోట అది. మేం జామాయిలు అనే చెట్టునే ఇక్కడ నీలగిరి అంటారు. ఒక విడతలో కోసే మేరని కూపు అంటారు. ఈ కూపు వాలు మీద ఉంది. వాలు కింద ఒక ఒర్రె, అంటే సన్నటి వాగు. ఆ ఒర్రె ఇసకలో, కాస్త దిగువన, పల్లె ఆడవాళ్లు తవ్వుకున్న చెలిమె ఉంది. అది మోకాలి లోతు గుంట. ఇసకలోంచి ఊరిన నీళ్లు అందులో అద్దంలా నిలుస్తాయి. పల్లెకి నల్లా ఉంది గానీ పైపు పగిలి పది రోజులైందట. తాగడానికీ వండుకోవడానికీ ఆ చెలిమె ఒక్కటే దిక్కు.

ఒర్రెకి రెండు పక్కలా చెట్లకి ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. ఏదైనా మొక్కుబడేమో అనుకున్నాను. కాదట. ఆ చెట్ల మీద రంపం పెట్టకూడదు. వాటి వేళ్లు గట్టుని పట్టుకుంటాయి, వాటి కింద రాలిన ఆకు పైనుంచొచ్చే మట్టిని ఆపుతుంది. ఇక్కడి పద్ధతేమిటంటే, ఆ గుడ్డలు మేస్త్రి కట్టడు. కోత మొదలవకముందు దిగువ పల్లెలో నీళ్లు మోసే మనిషిని పిలిచి కట్టిస్తాడు.

"సర్పంచిని పిలవొచ్చుగా?" అన్నాను.

"సర్పంచి పది చెట్లకు గట్టి, ఫోటో దిగి పోతడు సారు. నీళ్లు మోసేటామె అట్ల గాదు. గీ పోశవ్వ సూడు, నూటపది గట్టింది. నా పానం దీసింది" అని నవ్వాడు.

పోశవ్వ అప్పుడే బిందెతో పైకొస్తోంది. డెబ్బై దాటిన మనిషి. కూపు నడిచినన్నాళ్లూ రోజుకోసారి వచ్చి చూసి పోతుందట. "ఎవలు గీయన?" అని నన్ను చూపించి అడిగింది. "సదువుకున్నాయన అవ్వా, మన పని నేర్సుకుంటందుకు ఒచ్చిండు" అన్నాడు గౌస్ భాయ్. నేను కాస్త నిటారుగా నిలబడ్డాను.

ఇంకో పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. ఎనిమిది మంది కూలీలు. కూపుకి ఎగువన, పది అడుగుల దూరంలోనే మంచి ఊట ఉంది. దాని జోలికి పోకుండా వాలు దిగి, పోశవ్వ చెలిమె నుంచే కుండలు నింపుకొస్తున్నారు. ఎందుకీ అవస్థ అన్నాను.

"మీది నీళ్లు దాగితే మేం జేసిన బురద మాకు కనవడదు సారు. కింద దాగితె కనవడ్తది" అన్నాడు గౌస్ భాయ్.

ఏడేళ్ల కిందట మా కంట్రాక్టరు గానీ నేను గానీ అప్పాయమ్మ నూతి నీళ్లు ఒక్క గ్లాసు తాగి ఉంటే!

తరవాత ఆయన దుంగలు ఈడ్చే దారి చూపించాడు. వాలుకి నిలువుగా కాకుండా అడ్డంగా, మెలికలు తిరుగుతూ ఉంది. ఒర్రెని ఒకే ఒక్క చోట, బండరాయి ఉన్న చోట దాటుతుంది. దుంగలు పోగేసే చోటు ఎగువన, ఒర్రెకి దూరంగా ఉంది. రంపానికి నూనె పోసేది కూడా అక్కడే. దారి మీది కొమ్మల గురించీ, మట్టికట్టల గురించీ కూడా వివరంగా చెప్పాడట. "ట" అని ఎందుకంటున్నానంటే, ఆ సమయంలో నేను కాల్లో దిగిన ముల్లు తీసుకుంటూ తలూపుతున్నాను.

నా ఘనకార్యం

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం గౌస్ భాయ్ నమాజుకి వర్ని వెళ్లాడు. కూలీలు పైన కోతలో ఉన్నారు. వాళ్లు పెట్టిన జొన్నరొట్టె, పిట్ల తిని నేను కింద దారి దగ్గర కూర్చున్నాను. పిట్ల అంటే శనగపిండి చిక్కగా ఉడికించి వెల్లుల్లి దట్టంగా వేసిన కూర. కడుపు నిండింది, మనసూ నిండింది. ఇంత తిండి పెట్టిన వాళ్లకి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది.

లేచి నాలుగడుగులు వేశానో లేదో, దారికి అడ్డంగా పడున్న కొమ్మ తట్టుకుని బోర్లా పడ్డాను. చీలమండ బెణికింది. చూస్తే దారిపొడుగునా ఆకులతో సహా కొమ్మలు అడ్డదిడ్డంగా పరిచి ఉన్నాయి. మధ్యమధ్య జానెడు ఎత్తున మట్టికట్టలు. "ఎంత పనిమంతులైనా శుభ్రం మాత్రం సున్నా" అనుకున్నాను. నాకు శుభ్రం పిచ్చి అని మా ఆవిడ అంటూనే ఉంటుంది. దానికి తోడు మా ఊళ్లో నరికిన చోట పుల్ల మిగలదు, పొయ్యిలోకి ఏరుకుపోతాం.

కుంటుకుంటూనే రెండు గంటలు పని చేశాను. రెండువందల గజాల మేర కొమ్మలన్నీ ఈడ్చి పక్కన బొత్తులు పెట్టాను. పార తెచ్చి కట్టలన్నీ చదును చేశాను. ఒర్రె దాకా దారి మా పోస్టాఫీసు వరండాలా తయారైంది. చెమట తుడుచుకుని దాన్ని చూసి మురిసిపోయాను కూడా.

వాన

నాలుగింటికి గాలి లేచింది. ఆకాశం నల్లబడి, పెద్ద పెద్ద చినుకులతో వాన విరుచుకుపడింది. అదే సమయానికి గౌస్ భాయ్ తిరిగొచ్చి, బండి దిగుతూనే దారి చూసి కొయ్యబారిపోయాడు.

"యా అల్లా! గీ మండలు ఎవలు దీసిండ్రు?"

"నేనే భాయ్! దారంతా చెత్తగా ఉంటేనూ..." అన్నాను, మెప్పుకోసం చూస్తూ.

ఆయన చెప్పులు విసిరేసి పైకి పరుగెత్తుతూ, "అందరు రాండ్రి! మండలు అడ్డం ఎయ్యుండ్రి! కట్టలు వొయ్యుండ్రి, జల్ది!" అని అరిచాడు. నేను చదును చేసిన దారి మీద ఎర్రటి నీళ్లు అప్పుడే కాలువ కట్టి ఒర్రె వైపు పరుగెడుతున్నాయి. నాకప్పుడు అర్థమైంది. కొమ్మలు పరిచింది వాన దెబ్బ నేలకి తగలకుండా. కట్టలు పోసింది నీళ్లని దారిలోంచి పక్క ఆకుల్లోకి మళ్లించడానికి. రెండూ తీసేసి నేను బురదకి రాచబాట వేశాను.

మా గెడ్డ కళ్లముందు కదిలింది.

కూలీలు వానలో కొమ్మలు లాక్కొచ్చి పరుస్తున్నారు. దిగువన నీళ్లు రంగు మారడం చూసి పోశవ్వ ఇద్దరు ఆడవాళ్లతో, పారలతో పైకొచ్చింది. వస్తూనే, "ఎవడు గీ పని జేసింది? వాని చేతులిరుగ!" అని కేకలు.

"నా కూపు అవ్వా. తప్పు నాది" అన్నాడు గౌస్ భాయ్, తల ఎత్తకుండా కట్ట పోస్తూనే.

ఆ మాట నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. నా తోటలో జరిగినదాన్ని నేను కంట్రాక్టరు మీదికి తోశాను. నేను చేసినదాన్ని ఈయన తన నెత్తిన వేసుకుంటున్నాడు. "కాదమ్మా! ఆయన కాదు, నేను! నేనే తీశాను!" అని అరిచాను. వానలో వినబడిందో లేదోనని మళ్లీ అరిచాను.

పోశవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "సదువుకున్నోనివంట గద, మండలు ఎందుకేస్తరో ఎర్కలేదా?"

"ఎరక లేదమ్మా."

"అయితె నిలవడ్డవేంది? మండ వట్టు!"

పట్టాను. చీలమండ సంగతి మర్చిపోయాను. గంటసేపు ఆడా మగా అందరం మట్టిలో పొర్లినట్టే పనిచేశాం. వాన ఆగేసరికి దారిలో పారుడు ఆగింది. అప్పటికి దిగిన బురదని చాలామట్టుకు ఎర్రగుడ్డ చెట్ల కింది ఆకు పట్టేసుకుంది. అయినా ఒక ఎర్రటి పాయ తప్పించుకుని చెలిమె దాకా పోయింది.

చెలిమె దగ్గర

ఆ రాత్రి పల్లెలోనే ఉండిపోయాం. పొద్దున్నే చెలిమె దగ్గరికి వెళితే నీళ్లు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి. పల్లె ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గట్టున నిలబడి ఉన్నారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది నాకు.

గౌస్ భాయ్ లుంగీ పైకి కట్టి గిన్నెతో తోడటానికి కూర్చున్నాడు. చెడగొట్టినవాళ్లే తోడాలన్నది అక్కడి కట్టుబాటు. ఆయన చేతిలోంచి గిన్నె లాక్కుని నేను కూర్చున్నాను. బురదనీళ్లు తోడి దూరంగా పొయ్యడం, అడుగున చేరిన మట్టి చేత్తో ఎత్తడం, కొత్త నీళ్లు ఊరేదాకా ఆగడం, మళ్లీ తోడటం. పోశవ్వ మధ్యమధ్య తన అరచెయ్యి నీళ్లలో ముంచి చూసేది. గీతలు కనబడాలి. కనబడకపోతే "ఇంక తోడు" అనేది. నడుం విరిగిపోయింది. ఎండ నెత్తిమీదికొచ్చాక ఆవిడ చెయ్యి ముంచి, చాలాసేపు చూసి, "సాలు" అంది. బిందెలన్నీ ఒక్కసారి కదిలాయి. అంత మంచి మాట ఈమధ్య కాలంలో నేను విన్లేదు.

పోశవ్వ నన్ను ఇంటికి తీసుకెళ్లి జొన్న అంబలి, ఉల్లిపాయ పెట్టింది. "తినుపో బిడ్డా. తప్పు జేసినోనికి ఆకలెక్వైతది" అంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు గిన్నెలు తాగాను.

బోధన్ బస్టాండులో గౌస్ భాయ్‌కి ఎలా క్షమాపణ చెప్పాలో తెలియక నీళ్లు నములుతున్నాను. ఆయనే నా భుజం మీద చెయ్యేసి, "పరేషాన్ గాకుండ్రి సారు. కొత్తల నేను గూడ గిట్లనే మండలు తీసిన. మా ఉస్తాద్ మూడొద్దులు తోడిచ్చిండు. మీది ఒక్క పూటల అయిపాయె" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా తల మీద బరువు దింపేసిన మనిషికి నేను ఇచ్చింది మూడు కిలోల జామకాయలు. ఏం ఇచ్చినా తీరేది కాదనుకోండి.

మా కొండ మీద

ఇంటికొచ్చిన మర్నాడు అప్పాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. ఏడేళ్లలో మొదటిసారి. చేట పక్కన పెట్టి చూసింది గానీ పలకలేదు.

"అప్పాయమ్మా, ఆ రోజు కంట్రాక్టరు అన్నాను. తోట నాది, తప్పూ నాదే. మళ్లీ కోత వచ్చింది. నువ్వొచ్చి ఏ చెట్లు కొట్టకూడదో గుడ్డ కట్టేదాకా రంపం పెట్టనివ్వను."

ఆవిడ లేచి, లోపల్నించి పాత చీర ఒకటి తెచ్చి పీలికలు చించడం మొదలుపెట్టింది.

గెడ్డ పొడుగునా ముందు ఆవిడ, వెనక నేను, నా వెనక ఈసారి కోతకి మాట్లాడుకున్న కంట్రాక్టరు నూకరాజు. ఆవిడ కట్టిన ప్రతి చెట్టుకీ నూకరాజు నిట్టూర్చాడు. "బాబుగారూ, లావు చెట్లన్నీ గెడ్డ పక్కనే ఉన్నాయండి! ఇలాగైతే తమకేం గిడుతుందండి?" అన్నాడు. నోరు ముయ్యమన్నాను.

ఆ మాట ఆవిడ చెవిన పడింది. అన్నిటికన్నా లావుగా ఉన్న చెట్టుకి అప్పుడే గుడ్డ కట్టింది. కాసేపు దానికేసి చూసి, ముడి విప్పేసింది.

"ఇది కొట్టించీసుకోండి బాబూ. అన్నీ నానే కట్టీసుకుంటే మీకేటి మిగుల్తాది?" అంది.

ఏడేళ్ల తరవాత నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. ఆవిడ చేతిలోని గుడ్డ తీసుకుని, అదే చెట్టుకి నేనే కట్టాను.